సముద్రం దాటవలసిన కారు

తుష్నాబాద్ రోడ్డు మీద కనబడే ప్రతి మోటారు వాహనమూ ఎప్పుడో ఒకప్పుడు సముద్రం దాటి వచ్చినదే. అండమాన్ దీవులలో కార్లు తయారుచేసే కర్మాగారం లేదు. ప్రధాన భూభాగంతో కలిపే వంతెన లేదు, రైలు మార్గం లేదు. సరకుల లారీ, బస్సు, ఇంటి ముందు నిలిపిన స్కూటరు, అన్నీ ఏదో ఒక ఓడ కడుపులో బంగాళాఖాతాన్ని దాటి వచ్చి ఈ నేల మీద చక్రం మోపినవే. హైదరాబాదు వాసికి గాని, విజయవాడ వాసికి గాని కారును ఒక ఊరి నుంచి మరొక ఊరికి చేర్చటం ఒక రాత్రి ప్రయాణం. తుష్నాబాద్ వాసికి అది కొన్ని వారాల వ్యవహారం; పైగా ఒక పరీక్ష.

దక్షిణ అండమాన్‌లో, ఫెరార్‌గంజ్ తహసీలులో ఉన్న పల్లె ఇది. రాజధాని పోర్ట్ బ్లెయిర్‌కు 2024 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వం శ్రీ విజయ పురం అని పేరు మార్చింది. ఆ పట్నం వదలి లోతట్టుకు పోతే కొబ్బరి, పోక తోటలు, వాటి వెనుక దట్టమైన అడవి ఎదురవుతాయి. ఇక్కడి ఊళ్ళ పేర్లు వింటేనే ఈ దీవుల చరిత్ర సగం తెలిసిపోతుంది. 1858లో ఖైదీల వలసగా మొదలైన ఈ భూమి మీద గంజ్‌లు, ఆబాద్‌లు వెలశాయి. ఫెరార్‌గంజ్ అన్న పేరు 1920లలో చీఫ్ కమిషనర్‌గా ఉన్న ఫెరార్ అనే దొరది. మలబారు తిరుగుబాటు తరువాత వచ్చిన మాప్పిళాలు, దేశ విభజన తరువాత తూర్పు బెంగాలు నుంచి వచ్చిన కాందిశీకులు, రాంచీ ప్రాంతపు కూలీలు, తమిళులు, తెలుగువారు, అందరూ దక్షిణ అండమాన్ పల్లెలలో ఇరుగుపొరుగులయ్యారు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవులలో నూటికి పదముగ్గురు తెలుగు మాట్లాడేవారు. వారిలో పెక్కుమంది పూర్వికులు శ్రీకాకుళం, విజయనగరం తీరాల నుంచి వలలతో, తట్టాబుట్టలతో వచ్చినవారు. అంతకుముందు 1922–24 నాటి రంప పితూరీలో శిక్షపడినవారిలో కొందరు ఇదే సముద్రం మీదుగా, తమ ఇష్టంతో ప్రమేయం లేకుండా వచ్చారు.

ఇటువంటి కుటుంబాలకు రెండు ఇళ్ళు ఉంటాయి. ఒకటి దీవిలో, రెండవది ఆంధ్రలో. ఆంధ్రలోని ఇంట్లో తండ్రి నడిపిన కారు ఒకటి షెడ్డులో ఉండిపోయిందనుకుందాం. అది అంబాసిడర్ అయితే కథ మరింత చిక్కనవుతుంది. కలకత్తా దగ్గరి ఉత్తర్‌పారాలో హిందూస్థాన్ మోటార్స్ వారు 1950ల చివరి నుంచి 2014 మే వరకు తయారుచేసిన ఆ బండికి మాతృక ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్. ఇక అది తయారు కాదు. మడ్‌గార్డు నలిగితే కొత్తది కొనుక్కోవటం సులభం కాదు. పాత సామానుల దుకాణాలలో వెతకవలసిందే. బజారులో దాని ధర ఎంతో పలకకపోవచ్చు, కాని పోయినదాని స్థానంలో మరొకటి తెచ్చే వీలు లేదు. అపురూపమైన వస్తువు అనే మాటకు సరైన అర్థం ఇదే. హైదరాబాదు చౌమహల్లా పాలెస్‌లో అద్దాల వెనుక ఉన్న నిజాం గారి 1912 నాటి రోల్స్‌రాయిస్ కూడా ఒకప్పుడు ఇంగ్లండు నుంచి ఓడలో వచ్చినదే. నిజాముకు దాన్ని దింపించటానికి ఎందరో మనుషులు ఉన్నారు. తుష్నాబాద్ గృహస్థుకు ఉన్నది ఒక టెలిఫోను, కొంత సొమ్ము, బోలెడు అనుమానం.

ఆ అనుమానం సహజమే. కాని సాధారణంగా అది పొరపాటు చోట నిలుస్తుంది. సముద్రం అనగానే అందరికీ తుపాను కళ్ళ ముందు మెదులుతుంది. అసలు దెబ్బలు తగిలేది చాలావరకు నేల మీదనే, అదీ కారు ఒకరి చేతి నుంచి మరొకరి చేతికి మారే క్షణాలలో.

చెన్నై నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు సముద్రం మీద 1,190 కిలోమీటర్లు; విశాఖపట్నం నుంచి 1,200; కలకత్తా నుంచి 1,255. ప్రయాణికుల నౌక చెన్నై నుంచి బయలుదేరితే యాభై, అరవై గంటలలో చేరుతుంది. విశాఖకు ఈ దీవులతో పాత చుట్టరికం ఉంది. ఈ దారిన తిరిగే ‘స్వరాజ్ ద్వీప్’ నౌకను 1999లో నిర్మించి ఇచ్చింది విశాఖలోని హిందూస్థాన్ షిప్‌యార్డే. అయినా విశాఖ నుంచి నౌకలు తరచుగా లేవు. సరకు ఓడలకు చెన్నైయే ముఖ్యమైన రేవు. అందుచేత విశాఖలోని కారు తరచు తూర్పుకు పోవటానికి ముందు దక్షిణానికి పోవలసి వస్తుంది. చెన్నై దాకా దాదాపు 800 కిలోమీటర్ల రోడ్డు. ఇంటి గుమ్మం నుంచి లారీకి, లారీ నుంచి కంపెనీ యార్డుకు, యార్డు నుంచి పెద్ద లారీకి, దాని నుంచి చెన్నై యార్డుకు, అక్కడ కంటైనరులోకి, క్రేనుతో ఓడలోకి, మళ్ళీ క్రేనుతో హాడో రేవు గట్టు మీదికి, అక్కడి నుంచి తుష్నాబాద్‌కు. ఎనిమిది చేతులు మారుతుంది. ఓడ సముద్రం మీద ఉన్న రెండు మూడు రోజులలో కారును ఎవరూ ముట్టుకోరు. మిగిలిన రోజులలో అందరూ ముట్టుకుంటారు.

కాబట్టి కంపెనీని ఎంచుకోవటం అంటే నిజానికి ఒక ప్రశ్నకు జవాబు రాబట్టటం: ఈ ఎనిమిది చోట్ల ఎవరు సంతకం చేస్తారు?

రవాణా వ్యాపారంలో రెండు రకాలవారు ఉన్నారు. సొంత లారీలు, సొంత యార్డు ఉన్నవారు ఒకరు. టెలిఫోను తప్ప మరేమీ లేని దళారులు మరొకరు. దళారి కిరాయి మాట్లాడి, అడ్వాన్సు పుచ్చుకుని, ఆ పనిని మరొకరికి అప్పగిస్తాడు, అతడు ఇంకొకరికి. దళారీ అంతా మోసం అనటం న్యాయం కాదు. దీవుల రవాణాలో భూమి మీద ఒకరు, నీటి మీద మరొకరు పనిచేయక తప్పదు. మధ్య కూర్చేవాడు కావాలి. కాని కూర్చేవాడు మొత్తం దారికి పూచీపడతాడా, లేక ‘అక్కడి నుంచి మా బాధ్యత లేదండీ’ అంటాడా అన్నది ముందే తేలాలి. పేరున్న కంపెనీ పేరుకు ఒక అక్షరం అటూ ఇటూ మార్చి బోర్డు పెట్టుకునేవారు ఉన్నారు. కారు లారీ ఎక్కిన తరువాత మధ్యదారిలో నిలిపి అదనపు సొమ్ము అడగటం దేశంలో చాలాచోట్ల వినబడే ఫిర్యాదు. యార్డుకు స్వయంగా వెళ్ళి చూడటం, వెళ్ళలేకపోతే బంధువునో మిత్రుణ్ణో పంపటం, పది ప్రకటనలు చదవటం కంటె మేలు. అక్కడ కార్లు ఎండలో పడి ఉన్నాయా, కప్పు కింద ఉన్నాయా, తాళంచేతులు ఎవరి దగ్గర ఉన్నాయి, వీటిని చూస్తే చాలు, ఆ కంపెనీ గుణం తెలుస్తుంది.

ఇక్కడ చట్టం ఏం చెబుతుందో తెలిసినవారు తక్కువ. 1865 నాటి పాత చట్టం స్థానంలో వచ్చిన రోడ్డు రవాణా చట్టం 2007లో ఆమోదం పొంది, 2011 మార్చి 1 నుంచి అమలులోకి వచ్చింది. దాని ప్రకారం సరకు మోసే వ్యాపారి రిజిస్ట్రేషను పొంది ఉండాలి. సరకు పుచ్చుకున్నప్పుడు రసీదు ఇవ్వాలి. లారీవారు ఎల్.ఆర్. అనే కాగితం అదే. సరకు పోయినా, చెడినా వ్యాపారి చెల్లించవలసిన పరిహారానికి మాత్రం హద్దు ఉంది. యజమాని సరకు విలువను ముందుగా ప్రకటించి, అందుకు తగిన ఎక్కువ ఛార్జీకి ఒప్పుకోకపోతే, ఆ పరిహారం కిరాయికి పది రెట్లు మించదు. కిరాయి పన్నెండు వేలు అనుకుంటే, కారు పూర్తిగా ధ్వంసమైనా చట్టప్రకారం దక్కేది లక్షా ఇరవై వేలు. కిరాయి తగ్గించమని బేరమాడి గెలిచిన యజమాని తన పరిహారాన్ని కూడా పది రెట్లు తగ్గించుకున్నాడన్నమాట. దావా వేయదలిస్తే ముందు బుకింగు తేదీ నుంచి 180 రోజులలోగా వ్రాతపూర్వకమైన నోటీసు ఇవ్వాలి. ఓడ కోసం వారాల తరబడి వేచి ఉండే ఈ దారిలో ఆ గడువు అనుకున్నదానికంటె త్వరగా కరిగిపోతుంది.

నీటి మీద మరొక చట్టం. 1925 నాటి సముద్ర సరకు రవాణా చట్టానికి బదులు పార్లమెంటు 2025లో కొత్త చట్టం చేసింది. అయితే మూలసూత్రాలు అంతర్జాతీయ నిబంధనల నుంచి వచ్చినవే కనుక అవి పెద్దగా మారలేదు. వాటిలో ఒకటి కారు యజమాని గుండె మీద వ్రాసుకోదగినది. డెక్కు మీద తీసుకుపోతామని ఒప్పందంలో వ్రాసి, ఆ ప్రకారమే డెక్కు మీద పెట్టిన సరకుకు ఈ నిబంధనల రక్షణ వర్తించదు. బతికిన పశువులను, డెక్కు సరకును చట్టం పక్కకు పెట్టింది. కనుక ‘కారు ఓడ గర్భంలో వెళ్తుందా, డెక్కు మీద వెళ్తుందా?’ అన్న ప్రశ్నకు నోటిమాట జవాబు చాలదు. బిల్ ఆఫ్ లేడింగు అనే ఓడ రసీదు మీద ఆ మాట ఉండాలి. డెక్కు మీద నిలిచిన కారు మీద అలల తుంపర పడుతుంది; నీరు ఆరుతుంది, ఉప్పు నిలుస్తుంది.

ఆ నిబంధనల ప్రకారం నౌకా యజమాని బాధ్యతకు కూడా హద్దు ఉంది. అంతర్జాతీయ ద్రవ్యనిధి కట్టే ఎస్.డి.ఆర్. అనే లెక్కలో కిలోకు రెండు, లేదా ఒక్కొక్క వస్తువుకు 666.67, ఏది ఎక్కువయితే అది. పదకొండు వందల కిలోల పైచిలుకు బరువుండే అంబాసిడర్‌కు అది సుమారు రెండున్నర లక్షల రూపాయలు అవుతుంది. పాత కారు బజారు ధరకు అది చాలవచ్చు. కొత్తగా కొన్న ఖరీదైన కారుకు ఎంతమాత్రం చాలదు.

అప్పుడు బీమా గుర్తుకు వస్తుంది. ‘కారుకు ఫుల్ ఇన్సూరెన్సు ఉందిగా!’ అని ధైర్యంగా ఉండేవారు తమ పాలసీని ఒకసారి తీసి చదవటం మంచిది. మన దేశంలో వ్యక్తిగత కార్ల ప్యాకేజీ పాలసీ రోడ్డు, రైలు, లోతట్టు జలమార్గం, లిఫ్టు, ఎలివేటరు, విమానాల ద్వారా తీసుకుపోతున్నప్పుడు కలిగే నష్టాన్ని పేర్కొంటుంది. ఆ జాబితాలో సముద్రం లేదు. నదినీ లిఫ్టునూ తలచుకున్నవారు సముద్రాన్ని వదిలివేశారు. కలకత్తా నుంచి కన్యాకుమారి దాకా ఈ లోటు ఎవరికీ తగలదు. తుష్నాబాద్‌కు పోయే కారుకు సరిగ్గా అక్కడే తగులుతుంది. అందుకని ఈ ప్రయాణానికి విడిగా మెరైన్ కార్గో బీమా తీసుకోవలసి ఉంటుంది.

అందులో ఏ, బీ, సీ అని మూడు అంతస్తులు. ‘సీ’ చౌక, ఓడ మునగటం, నేలకు తగలటం, ఢీకొనటం, నిప్పంటుకోవటం వంటి పెద్ద ఆపదలకే అది పలుకుతుంది. ‘బీ’లో భూకంపం, ఓడ గర్భంలోకి సముద్రపు నీరు చొరబడటం వంటివి చేరతాయి. భూకంపాల పటంలో అత్యంత ప్రమాద మండలంలో ఉన్న ఈ దీవులకు అది అలంకారం కాదు. ‘ఏ’ రకం, మినహాయింపులుగా వ్రాసినవి తప్ప మిగిలిన అన్ని ఆపదలకూ వర్తిస్తుంది. రేవులో క్రేను కొక్కెం తలుపును గీసుకుపోతే పనికివచ్చేది ఇదే. కాని వాడిన కారుకు ‘ఏ’ రకం ఇచ్చేటప్పుడు బీమావారు తరచు గీతలు, సొట్టలు, తుప్పు, రంగు వెలియటం లెక్కలోకి రావని ఒక వాక్యం చేరుస్తారు. ఓడ ఎక్కకముందు సర్వేయరు చేత పరీక్ష చేయిస్తే ఆ వాక్యాన్ని సడలించమని అడిగే వీలు ఉంటుంది. 1963 నాటి మెరైన్ బీమా చట్టం ప్రకారం వస్తువు విలువను ముందే ఉభయులూ ఒప్పుకుని పాలసీలో వ్రాసుకోవచ్చు. పునఃసృష్టి సాధ్యం కాని పాత కారుకు ఇంతకంటె మేలైన మార్గం లేదు. తరువాత లెక్క కట్టేవారికి అది పాత ఇనుముగానే కనిపిస్తుంది.

సముద్రపు ఆపద అబద్ధమని కాదు. 2006 జూలైలో జపాను నుంచి అమెరికాకు పోతున్న ‘కూగర్ ఏస్’ అనే ఓడ అల్యూషన్ దీవుల దగ్గర పక్కకు ఒరిగిపోయింది. లోపల 4,703 మాజ్దా కార్లు. ఓడ మునగలేదు, చాలా కార్లకు కనబడే గాయాలు లేవు. అయినా వారాల తరబడి ఏటవాలుగా వేలాడిన కార్లను కొనుగోలుదారుకు అమ్మటం ఉచితం కాదని కంపెనీ వాటిని అన్నిటినీ నాశనం చేయించింది. 2022 ఫిబ్రవరిలో ‘ఫెలిసిటీ ఏస్’ అజోర్స్ దీవుల సమీపంలో నిప్పంటుకుని, మార్చి 1న దాదాపు నాలుగు వేల కార్లతో మునిగిపోయింది. వాటిలో పోర్షేలు, బెంట్లీలు, లంబోర్గినీలు ఉన్నాయి. ప్రపంచంలో ఎక్కువ అనుభవం ఉన్న సంస్థలకే అటువంటి రోజులు వచ్చాయంటే, సముద్రాన్ని ఏ కంపెనీ జేబులో పెట్టుకోలేదని స్పష్టమే. సముద్రానికి జవాబు బీమా; మనుషుల చేతులకు జవాబు కంపెనీ. ఈ రెండింటినీ కలిపి ఆలోచించేవారు ఒకదానికి చెల్లించి రెండవది దక్కిందని భ్రమపడతారు.

సముద్రానికి మరొక వింత న్యాయం ఉంది. ఓడనూ అందరి సరకునూ కాపాడటానికి కెప్టెను కొంత సరకును నీటిలోకి విసరవలసి వస్తే, ఆ నష్టాన్ని మిగిలిన సరకుల యజమానులు అందరూ పంచుకోవాలి. ప్రాచీన కాలంలో మధ్యధరా వర్తకులు పాటించిన ఈ ఆచారం నేటికీ చెల్లుతుంది. 2021లో సూయెజ్ కాలువలో అడ్డం పడిన ‘ఎవర్ గివెన్’ విషయంలో నౌకా యజమానులు దీన్నే ప్రయోగించారు. అంటే కారు చెక్కు చెదరకుండా చేరినా, ఇతరుల సరకు కోసం తన వాటా కట్టేదాకా దాన్ని వదలకపోవచ్చు. మెరైన్ పాలసీ ఉన్నవారికి ఆ భారం బీమావారి మీద పడుతుంది.

కంటైనరా, మామూలు సరకుగానా అన్నది తరువాతి ప్రశ్న. ఇరవై అడుగుల కంటైనరు లోపలి పొడవు సుమారు 5.9 మీటర్లు, వెడల్పు 2.35 మీటర్లు. అంబాసిడర్ పొడవు 4.3 మీటర్లు, వెడల్పు 1.66. కనుక అది హాయిగా పడుతుంది. కాని తోలుకుని లోపలికి పోయిన మనిషి తలుపు పూర్తిగా తెరవలేక పిల్లిలా జారుకుని బయటపడవలసిందే. ఇరుకులో తలుపు అంచు గోడకు తగలటం తరచు జరిగే గాయం. అపురూపమైన కారుకు కంటైనరే మేలని చెప్పవచ్చు. ఒకసారి మూసి సీలు వేస్తే, చెన్నై నుంచి హాడో దాకా ఎవరి చేతులూ దాన్ని తాకవు. ఎనిమిది చేతులలో మూడో నాలుగో తగ్గుతాయి. కాని అందులోనూ ఒక శత్రువు దాగి ఉంటుంది. పగటి ఎండకు కాగిన ఇనుప పెట్టె రాత్రి చల్లబడినప్పుడు లోపలి గాలిలోని తేమ కప్పుకు పట్టి బొట్లు బొట్లుగా కారుతుంది. బయట చుక్క వాన లేకపోయినా లోపల వాన. సీట్లకు బూజు పడుతుంది. తేమను పీల్చే సంచులు వేలాడదీయటం, కారు లోపల తడి గుడ్డలు, రబ్బరు చాపలు ఉంచకపోవటం, అద్దాలు వెంట్రుక మందం దించి ఉంచటం కొంత కాపాడుతాయి.

కట్టే పద్ధతిని గురించి కంపెనీవారిని అడగటానికి మొహమాటపడనక్కర లేదు. చక్రాలకు ముందూ వెనుకా చెక్క అడ్డాలు, నాలుగు చక్రాలకూ విడివిడిగా బెల్టులు, గేరులో ఉంచి చేతి బ్రేకు. ఇది సరైన పద్ధతి. ఇరుసుకో బంపరుకో గొలుసు బిగించే పద్ధతి ఇనుప కడ్డీలకు సరిపోతుంది. పెట్రోలు అడుగంటేలా తగ్గించి, బ్యాటరీ తీగ విప్పి ఉంచాలి. డిక్కీలో సామాను నింపి పంపాలనే ఆశ చాలామందికి కలుగుతుంది. ఆ సామాను బీమాలో ఉండదు, లోపల దొర్లి అద్దాలు పగలగొడుతుంది, చేతివాటానికి ఆహ్వానం పలుకుతుంది. మరొకటి, తెరిచిన లారీ మీద పోయే కారుకు గుడ్డ కప్పటం ప్రేమతో చేసే అపకారం. గాలికి రెపరెపలాడే గుడ్డ, దాని కింద చేరిన దుమ్ము, రెండూ కలిసి ఎనిమిది వందల కిలోమీటర్ల పొడవునా రంగును గరగర గీకుతాయి.

కాలం కూడా చూడాలి. అండమాన్‌లో మే నెల నడుమ నుంచి నైరుతి ఋతుపవనం, అది పోయీ పోకముందే ఈశాన్య ఋతుపవనం. ఏడాదికి దాదాపు మూడు వేల మిల్లీమీటర్ల వాన. తుపానుల కాలమైన అక్టోబరు, నవంబరు నెలలలో ఓడల రాకపోకలు తారుమారవుతాయి; రేవులో కారు వానలో నానుతుంది. జనవరి నుంచి ఏప్రిల్ దాకా సముద్రం నెమ్మదిగా ఉంటుంది. అయితే దీవిలో దిగిన వెంటనే కారు అడుగుభాగాన్ని మంచినీటితో కడగాలి, లేకపోతే ఉప్పు తినివేస్తుంది. విచిత్రమేమిటంటే ఓడకు మంచివైన ఆ నెలల చివరనే పట్నంలో మంచినీటి కొరత మొదలవుతుంది. ధనిఖారి ఆనకట్టలో నీరు అడుగంటే వేళ కారు కడగటానికి రెండు పీపాల నీళ్ళు అడిగే మనిషిని పొరుగువారు ఎలా చూస్తారో ఊహించుకోవచ్చు.

హాడో రేవు నుంచి ఇక మిగిలింది చిన్న దూరం. కాని ఆ చిన్న దూరమే ఎక్కువ ఆలోచించదగినది. ఫెరార్‌గంజ్ ప్రాంతానికి రెండు దారులు. చాథం రేవు నుంచి బాంబూఫ్లాట్‌కు వాహనాలను దాటించే ఫెర్రీ ఒకటి. చాథం ఒక చిన్న దీవి, వంతెనతో పట్నానికి అతికించి ఉంది. 1883లో నెలకొల్పిన పెద్ద రంపపు మిల్లు అక్కడే ఉంది. ఫెర్రీ దారి దగ్గర, సరదా కూడా. అయితే ఆటుపోటులను బట్టి పడవ ఎత్తు మారుతుంది. దానితో వాలుబల్ల ఏటవాలూ మారుతుంది. నేలకు దగ్గరగా ఉండే కారు అడుగు ఆ అంచుకు రాసుకుంటే సైలెన్సరు గొట్టం ఊడవచ్చు. రెండవది సిప్పిఘాట్ మీదుగా పూర్తిగా నేల మీద పోయే దారి. 2004 డిసెంబరు 26 నాటి భూకంపంలో దక్షిణ అండమాన్ నేల సుమారు ఒక మీటరు కుంగింది; సిప్పిఘాట్‌లో వరి పండిన పొలాలు ఉప్పునీటి మడుగులయ్యాయి. ఆ నీటిని చూస్తూ పోయే దారి పొడవైనా, పడవ ఎక్కి దిగే అవసరం లేదు. కారును నడిపించక, లారీ వీపు మీదనే ఇంటి దాకా చేర్చే ఏర్పాటు కంపెనీ ఒప్పందంలో ఉందా అన్నది ఇక్కడ తేలిపోతుంది. చాలా ఒప్పందాలు ‘రేవు దాకా’ అన్న రెండు మాటలతో ముగుస్తాయి. ఆ పక్షంలో బ్యాటరీ విప్పిన, పెట్రోలు అడుగంటిన, వారాల తరబడి కదలని పాత కారు గట్టు మీద నిలబడి ఉంటుంది. ఎవరో తెలియని మనిషి దాన్ని నెట్టి లేపటానికి సిద్ధమవుతాడు.

విశాఖలో కారు అప్పగించిన రోజున తీసిన ఫోటోలు అప్పుడు చేతిలో ఉండాలి. నాలుగు పక్కలా, కప్పు, అడుగుభాగం, మీటరు మీది అంకె, పాత గీతలు ఒక్కొక్కటీ విడిగా. ఆ ఫోటోల వెనుక కంపెనీ మనిషి సంతకం. ప్రతి మార్పిడి వద్దా అదే కాగితం మీద మరొక సంతకం అడగటాన్ని మంచి కంపెనీ ఎప్పుడూ అవమానంగా భావించదు. తనను కూడా అది కాపాడుతుందని దానికి తెలుసు. రేవులో కారు తీసుకునేటప్పుడు ‘సక్రమంగా అందింది’ అని సంతకం చేయటానికి తొందరపెట్టేవారు ఉంటారు. చీకటిలో, వానలో, ఆ సంతకం చేయకూడదు. సొట్ట కనబడితే ఆ రసీదు మీదనే వ్రాయాలి. బయటికి కనబడని దెబ్బ అయితే సముద్ర చట్టం ప్రకారం మూడు రోజులలో వ్రాతపూర్వకంగా తెలియజేయాలి. దావాకు ఒక సంవత్సరం గడువు.

తుష్నాబాద్ ఇంటి ముందు కారు దిగిన తరువాత మిగిలేది కచేరీ పని. పన్నెండు నెలలకు మించి దీవిలో ఉంచదలిస్తే 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం కొత్త నంబరు తీసుకోవాలి. అందుకు విశాఖ రవాణా కార్యాలయం నుంచి అభ్యంతరం లేదనే పత్రం కావాలి. ఆ పత్రం తెచ్చుకోకుండా ఓడ ఎక్కించినవారు దాని కోసం మళ్ళీ పన్నెండు వందల కిలోమీటర్లు వెనక్కి పోవలసి వస్తుంది. పదిహేనేళ్ళు దాటిన బండి అయితే ఐదేళ్ళకు ఒకసారి పొడిగించే రిజిస్ట్రేషను గడువు ఎప్పటి దాకా ఉందో బయలుదేరకముందే చూసుకోవాలి. అన్నీ సక్రమంగా ఉంటే కొన్నాళ్ళకు ‘ఏ.ఎన్.’ అక్షరాలతో కొత్త నంబరు వస్తుంది. తండ్రి నాటి ఆంధ్ర నంబరు పలకను విప్పి, దాని స్థానంలో కొత్తది బిగిస్తారు.